ఇంటర్‌కు హాస్టలా, ఇల్లా? ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు ఏది మేలు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన నాటి నుంచి జూన్‌లో కాలేజీలు తెరిచే దాకా నాకు ఫోను చేసే తల్లులందరిదీ ఒకే ప్రశ్న. "మావాడికి ఏడీహెచ్‌డీ ఉందండీ. హాస్టల్లో వేయమంటారా, ఇంటి నుంచే పంపమంటారా?" ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, ఆలోచించకుండా తొందరపడటం ఉండే స్థితి. విజయవాడ, గుంటూరుల్లో ఈ ప్రశ్న తప్పదు. రాష్ట్రం నలుమూలల నుంచి పిల్లలు ఇంటర్ చదవడానికి ఇక్కడికే వస్తారు. ఊళ్లోనే ఇల్లున్న వాళ్లు కూడా పిల్లలను ఊళ్లోనే హాస్టల్లో ఉంచుతారు. నిరుడు మా ఇంట్లోనూ ఈ చర్చ నెలరోజులు నడిచింది. పటమటలో ఇల్లు, బస్సులో వెళ్లేంత దూరంలో కాలేజీ. చివరికి డే స్కాలర్‌గానే చేర్పించాం. ర్యాంకు ఎక్కడ బాగా వస్తుందనే సంగతి ఇక్కడ రాయను. పిల్లవాడి తొందరపాటు, దానివల్ల వాడికి వచ్చే ముప్పు, వీటివరకే మాట్లాడతాను.

హాస్టల్‌కు ఇవ్వాల్సిన మార్కులు ముందు ఇచ్చేస్తాను. అక్కడ పొద్దున గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, గంట కొడితే పుస్తకం తీయడం. ఇప్పుడేం చేయాలి అని ప్రతిసారీ తేల్చుకోవాల్సిన పని ఉండదు. మన పిల్లలు జారిపోయేది సరిగ్గా అక్కడే కాబట్టి, ఆ భారం తగ్గితే వాళ్లకు నిజంగానే ఊరట. చేతిలో ఫోను ఉండదు, బండి ఉండదు, డబ్బు ఉండదు. ఇంట్లో రోజూ తండ్రితో గొడవపడే పిల్లవాడికి ఆ గొడవ తప్పడమూ చిన్న మేలు కాదు. "హాస్టల్లో వేస్తే దారిలో పడతాడు" అని పెద్దవాళ్లు అంటారంటే, అలా పడిన పిల్లలను కళ్లారా చూసే అంటారు.

అయితే నా లెక్కలో తూకం తేల్చే అంశం వేరు. ఒక పని చేయాలని బుద్ధి పుట్టడానికీ, చేసేయడానికీ మధ్య కాస్త వ్యవధి ఉండాలి. మన పిల్లలకు లేనిదే అది. ఏడీహెచ్‌డీ మీద దశాబ్దాలుగా పరిశోధన చేసిన అమెరికన్ మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్‌లీ చెప్పేది కూడా ఇదే. ఏం చేయాలో తెలియక కాదు, తెలిసినదాన్ని ఆ క్షణంలో చేయలేకనే వాళ్లు ఇబ్బంది పడతారు. అందుకే ఆదివారం భోజనాల దగ్గర చెప్పిన జాగ్రత్త, బుధవారం స్నేహితుడు బండి స్టార్ట్ చేసి "ఎక్కరా" అన్నప్పుడు గుర్తుకు రాదు. సాయం ఆ చోటే, ఆ సమయానికే అందాలి.

హాస్టల్ ఆ వ్యవధిని అలవాటు చేయదు, సందర్భాలను తీసేస్తుంది. గోడ లోపల ఉన్నంతకాలం వాడు ఆగుతాడు, కానీ ఆపుతున్నది గోడ. దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చేసరికి ఫోను, బాబాయి కొడుకు బండి, జేబులో డబ్బు అన్నీ ఒక్కసారిగా చేతికొస్తాయి. పండగ సెలవుల్లో ఆసుపత్రి పాలైన పిల్లల గురించి ఈ ఊళ్లో ఎవరినడిగినా ఒక కథ చెబుతారు. రెండేళ్లు గడిచి ఇంజినీరింగ్‌లో చేరాక ఆ గోడ ఎలాగూ ఉండదు.

గోడ లోపల ముప్పు లేదనుకోవడమూ సరికాదు. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ఒక ప్రయోగంలో టీనేజీ పిల్లల చేత కారు నడిపే కంప్యూటర్ ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు వాళ్లు బాగా తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. ఇది మామూలు పిల్లల మాట. మరి ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడు రాత్రి పదకొండు గంటలకు ఏడుగురు తోటివాళ్ల మధ్య ఉంటే, "దమ్ముంటే ఆ ట్యాంకు ఎక్కు" అని ఎవరో అంటే, ముందు లేచేది ఎవరో తల్లులకు చెప్పక్కర్లేదు. అంతస్తుకు ఒక్క వార్డెన్ ఉన్నా ఆయన మాత్రం ఎంతమందిని చూడగలడు?

ఇంకా బరువైన మాట ఒకటుంది. ఏడీహెచ్‌డీ ఉన్న కౌమారుల్లో తమకు తాము హాని చేసుకునే ముప్పు మిగతా పిల్లల్లో కంటే ఎక్కువ. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గిన రోజు, అందరి ముందూ నిలబెట్టి తిట్టిన రోజు, ఆ రాత్రి వాడి ముఖం చూసి ఏదో తేడాగా ఉందని కనిపెట్టే మనిషి పక్కన ఉండాలి. నేను ఇంటివైపు మొగ్గడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇది.

మందుల సంగతి హాస్టల్ చర్చల్లో ఎవరూ ఎత్తరు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మామూలు మాత్ర సుమారు 4 గంటలు పనిచేస్తుంది, నెమ్మదిగా విడుదలయ్యే రకం 8 నుంచి 12 గంటలు. కాలేజీ రోజు మాత్రం తెల్లవారుజామున మొదలై రాత్రి పదింటి దాకా సాగుతుంది. అంటే సాయంత్రం మందు దిగిపోయాకనే అసలైన స్టడీ అవర్ మొదలవుతుంది. కుదురు తప్పేది, వార్డెన్ చేత మాట పడేది అప్పుడే. పైగా మందు ప్రభావంలో మధ్యాహ్నం ఆకలి ఉండదు. మావాడు క్యారియర్ సగం అలాగే తెస్తాడు, రాత్రి తొమ్మిదిన్నరకు కంచం నిండా అన్నం పెట్టమంటాడు. మెస్ తలుపులు అప్పటికి మూసేస్తారు. మరో ముప్పు తోటివాళ్లు. పరీక్షల ముందు "ఆ చదువు మాత్ర నాకూ ఒకటివ్వరా" అని అడుగుతారు. అది 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం కిందికి వచ్చే మందు, ఇంకొకరికి ఇవ్వడం ప్రమాదమే కాదు, నేరం కూడా. అడిగిన వెంటనే తీసి ఇచ్చేసే స్వభావం ఉన్న పిల్లవాడి దగ్గర మాత్రల డబ్బా ఉంచకూడదు.

ఇల్లు మేలు అంటున్నానంటే, ఇంట్లో ఉంచితే చాలని కాదు. డే స్కాలర్‌కు బయట తిరిగే దారి తెరిచే ఉంటుంది. ఆ దారిలో ఎక్కడెక్కడ ఆగాలో ముందే ఏర్పాటు చేయాలి.

బండి ముందు. 16 ఏళ్లకు 50 సీసీ మించని గేరులేని బండికి లైసెన్సు ఇవ్వవచ్చని చట్టంలో ఉంది కానీ, షోరూముల్లో ఉన్న స్కూటర్లు ఎక్కువగా 110, 125 సీసీవి. కాబట్టి 18 నిండే దాకా బండి లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే బండి యజమానికో తల్లిదండ్రులకో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చే దాకా లైసెన్సు రాదు. మా ఇంట్లో తాళాలు మావారి జేబులోనే ఉంటాయి. వాడికి ఆర్టీసీ పాసు తీసిచ్చాం. తక్కువ వేగంతో నడిచే బ్యాటరీ బండికి లైసెన్సు అక్కర్లేదు కదా అంటారు కొందరు. బందరు రోడ్డు మీద లారీకి ఆ తేడా తెలియదు.

స్నేహితులు తమ బండి ఎక్కమన్నప్పుడు ఏం చేయాలన్నది దానికంటే కష్టం. "వద్దని చెప్పు" అంటే వాడు చెప్పలేడు, పరువు అడ్డొస్తుంది. "ఇలా జరిగితే అలా చేస్తాను" అని ముందే మాట కట్టుకుంటే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు కూడా తమను తాము మెరుగ్గా ఆపుకోగలరని జర్మనీలో పరిశోధకులు చూపారు. మా ఏర్పాటు ఇది. ముగ్గురు ఎక్కే బండి అయినా, పరీక్షలయ్యాక కృష్ణలో దిగుదామన్నా, వాడు జేబులోంచి నాకొక మిస్డ్ కాల్ ఇస్తాడు. నేను వెంటనే ఫోను చేసి, పక్కవాళ్లకు వినిపించేలా "ఎక్కడున్నావు, ఇప్పుడే ఇంటికి రా" అని గట్టిగా కేకలేస్తాను. వాడు విసుక్కుంటూ వచ్చేస్తాడు. చెడ్డపేరు నాకు, వాడి పరువు వాడికి. ఈ మాటలు ఇంట్లో ఇద్దరం పైకి అని సాధన చేశాం. మొదట్లో సిగ్గుపడ్డాడు, తర్వాత తనే నా గొంతు ఇంకా పెంచమన్నాడు.

డబ్బు విషయంలో యూపీఐ సర్కిల్ బాగా పనికొచ్చింది. నా ఖాతాకు వాడిని జతచేసి, ప్రతి చెల్లింపుకూ నా అనుమతి అడిగేలా పెట్టాను. వాడు ఆటలో ఏదో కొనబోతే నా ఫోనుకు వస్తుంది. నేను కాదనను, పది నిమిషాలు ఆగి ఓకే చేస్తానంటాను. చాలాసార్లు ఆ పది నిమిషాల్లో వాడే "వద్దులే అమ్మా" అనేస్తాడు. నేను పెట్టిన విరామం కొన్నాళ్లకు వాడు తనకు తానే పెట్టుకోవాలన్నది నా ఆశ. ఈ మధ్య చెప్పుల జత కొనేటప్పుడు అడగకుండానే రేపు చూద్దామన్నాడు.

ఇక మిగతా దారులు. సెమీ రెసిడెన్షియల్ అంటే రాత్రి పడుకోవడానికి మాత్రమే ఇల్లు, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. అమ్మమ్మగారింట్లో ఉంచితే ముద్దు ఎక్కువ, అడ్డు తక్కువ. పల్నాడు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చి బ్రాడీపేటలోనో కానూరులోనో గది అద్దెకు తీసుకుని పిల్లవాడితో ఉండే తల్లులున్నారు. ఖర్చు భరించగలిగితే అది ఇంటితో సమానమే.

సాయంత్రాలు ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేకపోయినా, ఇంట్లోనే తాగుడో కొట్లాటో ఉన్నా, హాస్టలే నయం. అప్పుడు డబ్బు కట్టకముందే ప్రిన్సిపాల్‌ను కూర్చోబెట్టి అడగండి. మాత్ర ఏ సమయానికి ఎవరి చేత్తో ఇస్తారు? రాత్రి ఆలస్యంగా తినడానికి ఏదైనా దొరుకుతుందా? తప్పు చేస్తే అందరి ముందు శిక్షిస్తారా, లోపలికి పిలిచి మాట్లాడతారా? పిల్లవాడు అడిగిన రోజు మీకు ఫోను చేయనిస్తారా? చివరి ప్రశ్నకు "వారానికి ఒక్కసారే" అనే చోట మాత్రం చేర్పించకండి.

కాలేజీ ఏదైనా, జూన్‌కు ముందే డాక్టరును కలిసి కొత్త వేళలకు తగ్గట్టు మందు సర్దించుకోండి. మానసిక ఇబ్బందుల్లో ఫోను మీద సాయం చేసే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. దాన్ని మీ ఫోనులోనే కాదు, పిల్లవాడి చేత వాడి పుస్తకం అట్ట లోపలి వైపున కూడా రాయించండి.