చిన్న హాల్లో రాక్ షో: స్టేజి అంచునా, మిక్సర్ దగ్గరా?

ఇష్టమైన బ్యాండు రెండు మూడొందల మంది పట్టే హాల్లో వాయించబోతోందని తెలియగానే చాలామంది అడిగేది ఒకటే. ముందుకెళ్లి స్టేజికి ఆనుకుని నిలబడాలా, వెనక మిక్సర్ (సౌండ్ ఇంజినీరు శబ్దాలన్నిటినీ కలిపి సరిచేసే బల్ల) దగ్గర ఉండాలా? దొరికే జవాబు కూడా దాదాపు ఒకటే: "మిక్సర్ దగ్గర నిలబడండి, సౌండ్ ఇంజినీరు ఏది వింటాడో మీరూ అదే వింటారు." పెద్ద ఆడిటోరియానికీ స్టేడియానికీ ఈ సలహా చక్కగా సరిపోతుంది. చిన్న హాలు దగ్గరికొచ్చేసరికి సగమే పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ శబ్దం పుట్టే తీరే వేరు.

పెద్ద వేదికల్లో మన చెవిన పడేదంతా పీఏ స్పీకర్లలోంచే, అంటే హాలంతటికీ వినిపించడానికి పెట్టే స్పీకర్లలోంచే వస్తుంది. చిన్న హాల్లో డ్రమ్స్‌కి మైకు పెట్టకపోయినా గది నిండిపోతుంది. గిటార్ ఆంప్, బేస్ ఆంప్ (వాద్యం శబ్దాన్ని పెంచి తమ స్పీకర్‌లోంచి వినిపించే పెట్టెలు) స్టేజి మీదే గట్టిగా మోగుతుంటాయి. యాభై వాట్ల ట్యూబ్ ఆంప్‌ని దాని అసలు టోన్ పలికేంత పెంచితే ఆ హాలుకు అదే ఎక్కువ. ఇక పీఏలోంచి తప్పనిసరిగా రావాల్సింది గొంతు, కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), కీబోర్డు ఉంటే అదీ. గిటార్ ఆంప్ ముందు మైకు కనిపిస్తుంది గానీ, ఇంజినీరు దాని ఫేడర్‌ని (శబ్దం పెంచే, తగ్గించే మీటని) చాలాసార్లు అడుగునే ఉంచేస్తాడు. ఆంప్ అప్పటికే హాలు చివరిదాకా వినిపిస్తుంటుంది మరి. ఇది కొత్త సమస్యేమీ కాదు. 1965లో ది హూ బ్యాండు గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ కోరిక మీద జిమ్ మార్షల్ కంపెనీ వంద వాట్ల ఆంప్ తయారుచేసిన రోజుల నుంచీ, క్లబ్బుల్లో గిటార్ ముందు పరిగెత్తడం, గొంతు వెనకబడటం మామూలే.

అంటే చిన్న హాల్లో రెండు శబ్దాలు పక్కపక్కనే నడుస్తుంటాయి. స్టేజి మీద నేరుగా పుట్టేది ఒకటి, స్పీకర్లలోంచి వచ్చేది రెండోది. మీ చెవికి ఏది ఎంత పాలు అందుతుందో మీరు నిలబడ్డ చోటును బట్టి ఉంటుంది.

ముందు స్టేజి అంచు సంగతి చూద్దాం. ఇక్కడ మొదట పోయేది గొంతు. పీఏ స్పీకర్లు స్టేజికి రెండు వైపులా, అంచు కంటే కొంచెం ముందుకు ఉండి హాలు వైపు చూస్తుంటాయి. నడి మధ్యలో స్టేజికి ఆనుకున్నవాళ్లు వాటి పరిధికి బయట పడతారు. బేస్ (లోతైన శబ్దం) అన్ని దిక్కులా పాకుతుంది కాబట్టి అది అందుతుంది. హై ఫ్రీక్వెన్సీలు (సన్నటి, పదునైన శబ్దాలు) స్పీకర్ చూసే దిశలోనే పోతాయి. క, త, స, ష లాంటి హల్లులు విడిగా తెలిసేది ఆ పై ఫ్రీక్వెన్సీల వల్లే కనక, ముందు వరుసలో గొంతు వినిపించినా మాటలు తెలియవు. గాయకుడి కాళ్ల దగ్గరుండే మానిటర్లు అతని వైపు తిరిగి ఉంటాయి, మనకు వాటి వీపే. పెద్ద వేదికల్లో ముందు వరుసల కోసం స్టేజి అంచున చిన్న స్పీకర్లు విడిగా పెడతారు. చిన్న హాళ్లలో అవి చాలాచోట్ల ఉండవు. "గొంతు అసలు వినిపించలేదు, ఇంజినీరుకి చేతకాలేదు" అనే ఫిర్యాదుల్లో చాలా భాగం ఈ రెండు మీటర్ల స్థలంలోంచే వస్తాయి. ఇంజినీరు అక్కడివాళ్ల కోసం గొంతు పెంచితే వెనకున్న రెండొందల మందికి చెవులు పగులుతాయి. అతను పెంచకపోవడమే సరైన పని.

ఇక దక్కేదేమిటి? గిటార్ తీగ కదిలి, ఆంప్ స్పీకర్ కదిలి, ఆ గాలి మధ్యలో మైకూ మిక్సరూ ఏదీ లేకుండా మీ చెవిని తాకడం. డ్రమ్మర్ స్నేర్‌ని మధ్యలో కొడుతున్నాడా అంచు మీద కొడుతున్నాడా, సింబల్‌ని ఎంత మెల్లగా మొదలుపెట్టి ఎలా పెంచుతున్నాడు, తీగ మీటే ప్లెక్ట్రమ్‌ని ఎప్పుడు పక్కన పెట్టి వేళ్లతో వాయిస్తున్నారు, పాట మలుపులో ఎవరు ఎవరి కళ్లలోకి చూసి సైగ చేశారు, ఇవన్నీ అందేది ఆ అంచునే. పీఏలోంచి వచ్చే శబ్దంలో డ్రమ్స్ బలం ఎగుడుదిగుళ్లు తగ్గించే కంప్రెసర్ గుండా, ఏ ఫ్రీక్వెన్సీ ఎంతో సరిచేసే ఈక్యూ గుండా వడకట్టి వస్తుంది. అంచున అది ముడిగా వస్తుంది.

నా తూకం ఎటు మొగ్గేదీ ఇక్కడే. చక్కని పీఏ మిక్స్ ఏ పెద్ద షోలోనైనా దొరుకుతుంది. మధ్యలో ఏ అడ్డూ లేని ఆ శబ్దాన్ని చిన్న హాలు తప్ప ఇంకెవరూ ఇవ్వలేరు. పైగా ఇది మీ ఇష్టమైన బ్యాండు. పాటలన్నీ నోటికొచ్చు. గొంతు ముప్పాతిక వినిపిస్తే మిగతా పాతిక మీ మనసే పూరిస్తుంది. మొదటిసారి వింటున్న బ్యాండు అయితే లెక్క తిరగబడుతుంది: పాటలు తెలియనప్పుడు మాట స్పష్టత కావాలి, మిక్సర్ దగ్గరికే వెళ్లండి.

అంచున నిలబడేటప్పుడు మధ్యలోకి దూరిపోకండి, ఏ వైపో ఎంచుకోండి. రెండు గిటార్ల బ్యాండ్‌లో ఎడమ వైపు నిలబడితే కుడి గిటార్ సగం పోతుంది. మీకు ఎవరి వాయింపు ముఖ్యమో అటు వెళ్లండి. అలాగని ఆంప్ నోటికి ఎదురుగా నిలబడకండి. పన్నెండు అంగుళాల స్పీకర్ తన హై ఫ్రీక్వెన్సీలని సన్నటి కిరణంలా సూటిగా వదులుతుంది. ఆ వరసలో ఉన్నవాళ్లకి గిటార్ సూదిలా గుచ్చుకుంటుంది. అడుగున్నర, రెండడుగులు పక్కకు జరిగితే అదే గిటార్ నిండుగా వినిపిస్తుంది. అందరికంటే మంచి బిందువు స్టేజి మధ్యకీ ఆ వైపు పీఏ స్పీకర్‌కీ నడుమ ఉంటుంది. ఆంప్ నేరుగా అందుతుంది, స్పీకర్ పరిధి అంచు తగిలి గొంతు కూడా కొంత తెలుస్తుంది. స్పీకర్‌కి మరీ ఆనుకుంటే మళ్లీ చెవులకు ముప్పు, వీలైనంత ఎడం ఉంచండి.

ఇప్పుడు మిక్సర్ దగ్గరి చోటు. ఆ సలహా నిలవాలంటే ముందు మిక్సర్ సరైన చోట ఉండాలి. చిన్న హాళ్లలో దాన్ని వెనక గోడకో, మూలకో, బాల్కనీ కిందకో నెట్టేస్తారు, అక్కడ జనం పట్టరు కాబట్టి. మూలల్లోనూ గోడల దగ్గరా బేస్ పోగుపడుతుంది. బాల్కనీ కింద పైనుంచి రావలసిన హై ఫ్రీక్వెన్సీలు తెగిపోయి శబ్దం మసకబారుతుంది. అనుభవమున్న ఇంజినీరుకి ఇది తెలుసు కనక, హాలు మధ్యకు నడిచొచ్చి విని తిరిగి వెళ్లి సరిచేస్తుంటాడు, లేదా టాబ్లెట్ పట్టుకుని తిరుగుతూనే మిక్స్ చేస్తాడు. అలాంటప్పుడు మిక్సర్ ఉన్న చోటు కాదు, అతను ఆగి వినే చోటు చూసుకోండి.

అది తెలియకపోతే కొలత ఇదీ: రెండు పీఏ స్పీకర్ల మధ్య ఎంత దూరముందో, ఒక్కో స్పీకర్ నుంచి మీరూ అంతే దూరంలో ఉండాలి. స్పీకర్ల మధ్య ఆరు మీటర్లుంటే, ఆ గీత నుంచి వెనక్కి ఐదుంపావు మీటర్లు. సరిగ్గా నడిమి గీత మీద రెండు సబ్‌వూఫర్ల (బేస్ కోసమే ఉండే స్పీకర్ల) బేస్ కలిసి బరువెక్కుతుంది. అది ఎక్కువనిపిస్తే ఒక మీటరు పక్కకు జరగండి. వెనక గోడకి మాత్రం ఆనుకోకండి, అక్కడ బేస్ ఉబ్బిపోతుంది. గోడకు ఒకటిన్నర, రెండు మీటర్ల ముందు తిరిగొచ్చిన అల 50 హెర్ట్జ్ చుట్టుపక్కల కొంత మింగేస్తుంది. కిక్ డ్రమ్ ఒకచోట దద్దరిల్లి రెండడుగుల అవతల పల్చబడటానికి కారణం ఇదే, ఇంజినీరు మధ్యలో ఏదీ మార్చలేదు.

గది ఆకారాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. న్యూయార్క్‌లో 1973 నుంచి 2006 దాకా నడిచిన సీబీజీబీ క్లబ్ లాంటి పొడుగాటి ఇరుకు గదిలో ముందుకీ వెనక్కీ తేడా చాలా ఎక్కువ. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని 100 క్లబ్‌లో స్టేజి పొడుగు గోడ వైపు ఉంటుంది. అలాంటి వెడల్పాటి గదిలో ఎవరూ స్టేజికి మరీ దూరం కారు, అక్కడ పక్కకు ఎంత జరిగారన్నదే ముఖ్యం.

మిక్సర్ దగ్గర ఉండటంలో పెద్ద నష్టం చూపు. మీ కంటి కంటే పాతిక సెంటీమీటర్లు ఎత్తున్న తల అరమీటరు ముందుంటే, ఆ తల మీదుగా పోయే చూపు ప్రతి మీటరుకి అరమీటరు పైకి లేస్తుంది. ఆరు మీటర్ల దూరంలో ఉన్న స్టేజి దగ్గరికి చేరేసరికి అది మీ కంటి కంటే మూడు మీటర్లు పైన ఉంటుంది. అరవై, తొంభై సెంటీమీటర్ల స్టేజి దీన్ని ఏమాత్రం సరిచేయలేదు. తలల మధ్య సందులే గతి. పొట్టివాళ్లకు ఇదొక్కటే చాలు నిర్ణయం మార్చడానికి. మిక్సర్ కోసం వేసిన దిమ్మె పక్కన మెట్టు దొరికితే వదలకండి.

ఇంతకీ ఏది మేలో షో మొదలవకముందే స్టేజిని చూసి చెప్పేయొచ్చు. చూడాల్సింది ఆంప్‌లు. స్పీకర్ క్యాబినెట్లు జనం వైపు తిరిగి ఉండి, గాయకుడి ముందు మానిటర్లు ఉంటే స్టేజి మీది నేరు శబ్దం బతికే ఉంది, అంచుకే వెళ్లండి. ఇప్పుడు చాలా బ్యాండ్‌లు కెంపర్, ఫ్రాక్టల్, హీలిక్స్ లాంటి మోడలర్లు (ఆంప్ శబ్దాన్ని అనుకరించే పెట్టెలు) వాడుతున్నాయి. గిటార్ వైరు పెట్టెలోకి, అక్కడి నుంచి నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. వాయించేవాళ్లు తాము వినాల్సింది చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లలో వింటారు. అలాంటి స్టేజికి ఆనుకుని నిలబడితే మీకు దక్కేది డ్రమ్స్, దూరం నుంచి బేస్ గుర్రు, అంతే. గిటార్ కూడా గొంతుతోపాటే మీ తల దాటి వెనక్కి వెళ్లిపోతుంది. క్యాబినెట్లు లేకపోయినా, పక్కకో వెనక్కో తిప్పి ఉన్నా, డ్రమ్స్ చుట్టూ పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలు ఉన్నా మారుమాట లేకుండా మిక్సర్ దగ్గరికి నడవండి. క్యాబినెట్లు వరసగా పేర్చి ఉన్నా మోసపోవద్దు, కొన్ని షోల్లో అవి అలంకారానికే. వెలుగుతున్న పవర్ లైటు, వెనక వైర్లు ఉన్నాయేమో చూడండి.

ఎక్కడ నిలబడ్డా ఇయర్‌ప్లగ్స్ తప్పవు. అమెరికాలో పనిచోటు భద్రత, ఆరోగ్యం చూసే పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్‌కి రోజుకు 8 గంటలు పరిమితి. పెరిగే ప్రతి 3 డెసిబెల్‌కీ సమయం సగమవుతుంది, కాబట్టి 100 దగ్గర 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో షో వేదికలకు ఇచ్చిన ప్రమాణంలోనూ 15 నిమిషాల సగటు 100 డెసిబెల్ దాటకూడదని ఉంది. చిన్న హాల్లో డ్రమ్స్‌కి రెండు మూడు మీటర్ల దూరంలో దాన్ని దాటడం సులువు. మిక్సర్ దగ్గర కొంత తగ్గుతుంది, సురక్షితమనేంత కాదు. ఫోమ్ ప్లగ్స్ పై ఫ్రీక్వెన్సీలనే ఎక్కువగా నొక్కేస్తాయి. అంచున అసలే హల్లులు తక్కువ, ఫోమ్ పెడితే అవీ పోతాయి. అక్కడికి ఫిల్టరున్న సంగీతకారుల ప్లగ్స్ కావాలి, అవి అన్ని ఫ్రీక్వెన్సీలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. ఫోమే ఉంటే సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా ముప్పై సెకన్లు పట్టుకోండి. సగం బయటికి కనిపిస్తుంటే అది పనిచేయట్లేదు. మై బ్లడీ వాలంటైన్ బ్యాండు తమ 2008 షోల్లో తలుపు దగ్గర ప్లగ్స్ పంచింది. బ్యాండే ఇస్తోందంటే తీసుకుని తీరాలి.

తోపులాట సంగతి: చిన్న హాళ్లలో కొన్నిచోట్ల బారికేడ్ ఉండదు, స్టేజి అంచే మీ తొడలకో నడుముకో తగులుతుంది. వేగంగా వాయించే బ్యాండ్‌లకి పిట్ (జనం ఒకరినొకరు తోసుకుంటూ గెంతే చోటు) సాధారణంగా మధ్యలో, అంచు నుంచి రెండు మూడు మీటర్ల వెనక తెరుచుకుంటుంది, దాని ఒత్తిడంతా మధ్యలో ముందున్నవాళ్ల వీపు మీద పడుతుంది. పక్క వైపు ఎంచుకోమన్నది దీనికి కూడా. జనం నొక్కుతుంటే చేతులు ఛాతీ ముందుకు తెచ్చుకుని ఊపిరికి చోటు ఉంచుకోండి. ఎదురు తోయకుండా, ఒక తోపుకీ మరో తోపుకీ మధ్య వదులైనప్పుడు ఏటవాలుగా పక్కకు జరిగి బయటపడండి. మొన కప్పిన బూట్లు వేసుకోండి. బ్యాగు వద్దు.

మిగతా చోట్లు క్లుప్తంగా. బాల్కనీ ముందు రెయిలింగు దొరికితే చూపుకీ గొంతుకీ బాగుంటుంది, కిక్ డ్రమ్ బలం తగ్గుతుంది. పక్క గోడ దగ్గర ఒక స్పీకరే వినిపిస్తుంది, అలసిపోయినప్పుడు ఆనుకోవడానికి పనికొస్తుంది. బార్ దగ్గర కబుర్లు తప్ప ఏమీ వినపడవు.

ముందు వాయించే బ్యాండు సెట్‌ని తీరిగ్గా వాడుకోండి. ఆ అరగంటలో హాలంతా తిరిగి ఎక్కడ మాట స్పష్టంగా ఉంది, ఎక్కడ బేస్ ఉబ్బుతోంది గమనించండి. అసలు బ్యాండు వచ్చాక మొదటి రెండు మూడు పాటలకే చోటు మీద తీర్పు చెప్పేయకండి. సౌండ్ చెక్ ఖాళీ హాల్లో జరిగి ఉంటుంది. జనం నిండాక ఒంట్లూ బట్టలూ హై ఫ్రీక్వెన్సీలని పీల్చేస్తాయి, ఇంజినీరు ఆ పాటల్లోనే లెక్క సరిచేసుకుంటాడు. నాలుగో పాటకీ అంచున గొంతు బొత్తిగా తెలియకపోతే, పాటకీ పాటకీ మధ్య దగ్గరున్న స్పీకర్ చూసే దిశలోకి ఏటవాలుగా మూడు మీటర్లు వెనక్కి జరగండి. ఆంప్ ఇంకా నేరుగానే అందుతుంటుంది, మాటలు తిరిగొస్తాయి.