‘మైనస్ పదిహేను’ అని రాసి ఉంది కదా అని కొనేయకండి

ట్రెక్కింగ్‌కు వెళ్ళాలని ఉండి, ఖర్చు చూసి ఆగిపోతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేనూ అదే బాపతు. చవకలో కానిచ్చేద్దామని నెల రోజులు ఆఫర్లు వెతికి మరీ మూడు చోట్ల దెబ్బతిన్నాను. అమ్మినవాళ్ళ పేర్లు రాయను. పేరు మార్చి ఇంకో పేజీ తెరవడానికి వాళ్ళకు అరగంట చాలు. వాళ్ళు వాడే మాటలు గుర్తుపెట్టుకుంటే మీకు ఎక్కువ పనికొస్తుంది.

ముందు స్లీపింగ్ బ్యాగ్, అంటే చలికి లోపల దూరి పడుకునే సంచి సంగతి. ‘మైనస్ 15 డిగ్రీల బ్యాగ్, సగం ధరకే’ అని ఆన్‌లైన్‌లో కనబడింది. మేం వెళ్ళేచోట రాత్రిపూట సున్నాకు రెండు మూడు డిగ్రీలు కిందికి దిగుతుందన్నారు. మైనస్ పదిహేనుకు ఆగేది మైనస్ మూడుకు ఆగదా అనుకుని, నాకూ తమ్ముడికీ కలిపి రెండు ఆర్డర్ పెట్టేశాను. భలే బేరం కొట్టానని నాలుగు రోజులు అందరికీ చెప్పుకున్నాను కూడా.

మూడో రాత్రి టెంట్‌లో తెలిసొచ్చింది. తెచ్చుకున్న బట్టలన్నీ ఒంటి మీదికెక్కించి, టోపీ, గ్లవ్స్ పెట్టుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నా పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి. ఒంటిగంటప్పుడు తమ్ముడు, “అన్నయ్యా, నిద్ర పట్టిందా?” అన్నాడు. “పడితే నీకు జవాబెవరు చెప్తార్రా,” అన్నాను. ఇక చేసేదేం లేక హెడ్‌ల్యాంప్ వేసుకుని, బ్యాగ్ లోపల కుట్టిన చిన్న లేబుల్‌ను మొదటిసారి చదివాం. దాని మీద మూడు అంకెలున్నాయి. కంఫర్ట్ 5. లిమిట్ 0. ఎక్స్‌ట్రీమ్ మైనస్ 15.

ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగుల మీద ఈ మూడూ ఉంటాయి. కంఫర్ట్ అంటే సగటు మహిళ ఒళ్ళు వదులుగా పెట్టుకుని హాయిగా పడుకోగల చలి. లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని ఎలాగో నెట్టుకురాగల చలి. ఎక్స్‌ట్రీమ్ దగ్గరికొచ్చేసరికి నిద్ర ప్రసక్తే లేదు. ఆరు గంటలపాటు ప్రాణం నిలవొచ్చు, ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోయే ముప్పు ఉంది అని దాని అర్థం. ప్రకటనలో పెద్దక్షరాల్లో వేసింది ఈ మూడోదాన్ని! తిరిగొచ్చాక ఫోన్ చేసి అడిగితే, “లేబుల్ మీద ఉన్నదే వేశాం సార్,” అన్నారు. నిజమే, అబద్ధం ఒక్కటీ లేదు. వాదించడానికి నాకేమీ మిగల్లేదు.

ఇంకోటి. ఆ అంకెలు కూడా కింద మంచి మ్యాట్ ఉంది, ఒంటి మీద పొడుగు చేతుల లోపలి బట్టలున్నాయి అన్న లెక్క మీద వచ్చినవే. మన బరువుకు బ్యాగ్ అడుగు భాగం నలిగి, అందులో గాలి మిగలదు. వెచ్చగా ఉంచేది ఆ గాలే. కాబట్టి వీపు వైపు చలిని ఆపాల్సింది మ్యాటే. నేను అక్కడ కూడా పిసినారితనం చేసి, యోగాకు వాడే పల్చటి చాప పట్టుకెళ్ళాను. ఆ తప్పు అచ్చంగా నాదే.

బూట్ల కథ అంతకు ముందు రోజే అయిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ‘ఒక్కసారి కూడా వేసుకోలేదు, డబ్బాలోనే ఉన్నాయి’ అని రాశాడు. వచ్చాక చూస్తే నిజంగానే తళతళలాడుతున్నాయి. అడుగున కాస్త దుమ్ము కూడా లేదు. రెండో రోజు మధ్యాహ్నం ఎడమ కాలు దగ్గర చప్ చప్ మని మొదలైంది. వంగి చూస్తే మడమ దగ్గర సోల్ నోరు తెరిచింది. వేలు పెడితే లోపలి మెత్తటి పొర ఎండిన మట్టిపెళ్ళలా పొడిపొడిగా రాలిపోయింది. గంట తిరక్కుండా రెండోదీ అదే దారి పట్టింది. గైడ్ సన్నతాడుతో రెండూ కట్టి, పైన టేపు చుట్టి, “ఈ సీజన్‌లో మీది నాలుగో జత సార్,” అన్నాడు. ఇక దిగిందాకా ఆ కట్లతోనే నడిచాను.

చాలా ట్రెక్కింగ్ బూట్లలో సోల్‌లోని ఆ మెత్తటి మధ్య పొరను పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్ నురుగుతో చేస్తారు. గాలిలోని తేమ పట్టి అది లోలోపలే విరిగిపోతూ ఉంటుంది. వాడకుండా దాచినంత మాత్రాన ఆగదు. పైన తోలు కొత్తగానే ఉంటుంది కాబట్టి ఫొటోలో ఎవరికీ తెలియదు. ‘వాడలేదు’ అనేది మనకు గొప్ప సుగుణంలా వినిపిస్తుంది గానీ, అడగాల్సింది ఎప్పుడు తయారయ్యాయని. చాలా జతల్లో నాలుక లోపలి లేబుల్ మీద తేదీ ఉంటుంది, దాని ఫొటో పంపమనండి. చేతికొచ్చాక మధ్య పొరను బొటనవేలితో గట్టిగా నొక్కండి, బూటును వంచి చూడండి. పగుళ్ళు కనిపించినా, జిగటగా తగిలినా, పొడి రాలినా తిప్పి పంపేయండి. పాత టెంట్‌కూ ఇలాంటి జబ్బే ఉంది. లోపలి పూత జిగురుగా తయారై ఘాటు వాసన వస్తుంటే, అది ఇక వాన ఆపదు.

అసలు పెద్ద దెబ్బ ప్యాకేజీ. మిగతా ట్రెక్ నిర్వాహకులు ఏడు రోజులకు తీసుకెళ్ళే దారిని నేను పట్టుకున్నతను అయిదు రోజుల్లో చూపిస్తానన్నాడు. ధర మూడింట ఒక వంతు తక్కువ. సెలవులు కూడా మిగులుతాయి కదా అని ఎగిరి గంతేశాను. వాళ్ళు తీసేసిన రెండు రోజులు ఏమిటో అడగలేదు. ఒంటికి ఆ ఎత్తు అలవాటు కావడానికి పెట్టే రోజులవే. మూడు వేల మీటర్లు దాటాక ఒక రాత్రి పడుకున్న చోటికీ మర్నాటి రాత్రి పడుకునే చోటికీ ఎత్తులో తేడా 500 మీటర్లు మించకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని పర్వత వైద్యులు చెప్తారు. మా ప్లాన్‌లో ఒక రోజే దాదాపు తొమ్మిది వందలు ఎక్కించారు. నాలుగో రోజు తమ్ముడికి తల పగిలిపోయేంత నొప్పి, రెండు సార్లు వాంతి. గైడ్ మంచివాడు, ఇంకో మాట లేకుండా కిందికి దింపేశాడు. శిఖరం చూడలేదు. పోర్టర్ డబ్బులు, క్యాంపు ఫీజు ప్యాకేజీలో లేవని కూడా అక్కడికెళ్ళాకే తెలిసింది. ఇంటికొచ్చి తీరిగ్గా ఇన్సూరెన్స్ కాగితం చదివితే, అది మేమున్న ఎత్తుకు వర్తించనే వర్తించదు.

అందుకని ఏ ప్యాకేజీ చూసినా ముందు ప్రతి రాత్రీ ఎన్ని మీటర్ల ఎత్తులో పడుకుంటామో రాసివ్వమనండి. ఇవ్వకపోతే వదిలేయండి.

చవకగా వెళ్ళడమే తప్పని అనను. సీజన్ మొదట్లోనో చివర్లోనో, వారం మధ్యలోనో వెళ్తే నిజంగానే తగ్గుతుంది. టెంట్‌ను మనమే విప్పి చూసుకోనిచ్చే చోట అద్దెకు తీసుకోవచ్చు. ఫ్లీస్‌లు (మెత్తటి చలి జాకెట్లు), చేతికర్రలు, వంట గిన్నెలు, వీపు సంచులు సెకండ్‌హ్యాండ్‌లో నిశ్చింతగా కొనండి, నావన్నీ అవే. ఎక్కడానికి వాడే తాడు, దాన్ని తగిలించడానికి నడుముకు కట్టుకునే హార్నెస్, హెల్మెట్ మాత్రం ఎంత చవకైనా వద్దు. వాటిని ఎండలో ఎన్నాళ్ళు ఉంచారో, ఎన్ని దెబ్బలు తిన్నాయో పైకి కనబడదు.

బూట్లవాడు ‘వాడిన వస్తువు వాపసు తీసుకోం’ అని మెసేజ్ పెట్టి బ్లాక్ చేశాడు. స్లీపింగ్ బ్యాగులు రెండూ అమ్మేద్దామని మొన్న ఫొటోలు తీసి, ‘కంఫర్ట్ 5 డిగ్రీలు’ అని రాసి పెట్టాను. ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. మైనస్ పదిహేను అని వేస్తే ఈపాటికి పోయేవి కదా అంటాడు తమ్ముడు.