నమ్మకం పోయాక తీసుకున్న కౌన్సెలింగ్ గురించి

దేవుడి మీద నమ్మకం పోయి రెండేళ్లయింది. ఎవరితోనూ గొడవ జరగలేదు, ప్రశ్నలు పేరుకుంటూ పోయి ఒకరోజు ప్రార్థనకి కూర్చుంటే వినేవాళ్లు ఎవరూ లేరనిపించింది, అంతే. ఆ తర్వాత నన్ను ఏడిపించింది రాత్రి పడుకునే ముందు సమయం. రోజంతా జరిగింది ఎవరికి చెప్పుకోవాలి, మంచి జరిగితే ఎవరికి దండం పెట్టాలి? అప్పుడే లోగోథెరపీ (జీవితంలో అర్థం వెతుక్కోవడానికి సాయపడే మానసిక చికిత్స) పద్ధతిలో చేసే ఒక ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో చేరి ఎనిమిది సెషన్లు పూర్తి చేశాను.

ఈ పద్ధతిని తయారుచేసింది వియన్నా సైకియాట్రిస్టు విక్టర్ ఫ్రాంకల్. 1942 నుంచి 1945 దాకా నాజీ క్యాంపుల్లో గడిపి, అమ్మానాన్నల్నీ సోదరుణ్నీ భార్యనీ పోగొట్టుకున్న మనిషి. మళ్లీ భక్తిలోకి లాగుతారేమోనని మొదట టెన్షన్ పడ్డాను, కానీ నమ్మేవాళ్లకీ నమ్మనివాళ్లకీ ఇది ఒకేలా పనికిరావాలన్నది ఫ్రాంకల్ మాటే, కౌన్సెలర్ గారు కూడా దేవుడు ఉన్నాడా లేడా అన్న చర్చ ఎత్తనే లేదు.

మూడో సెషన్‌లో "అసలు ఈ జీవితానికి అర్థం ఏంటండీ" అని అడిగేశాను. ఆవిడ జవాబు చెప్పకుండా, "ఈ వారం మీరు లేకపోతే ఆగిపోయే పని ఏది?" అన్నారు. చాలాసేపటికి తట్టింది. చూపు తగ్గిన మా పెద్దమ్మకి రోజూ సాయంత్రం ఫోన్‌లో పుస్తకం చదివి వినిపిస్తాను, ఆవిడ అడిగేవి భక్తి పుస్తకాలే, నమ్మకం లేకుండా అవి చదవడం అబద్ధమాడినట్టుందని మానేద్దామనుకుంటున్నాను కూడా. "ఆవిడ ఎదురుచూసేది పుస్తకం కోసమా, మీ గొంతు కోసమా?" అన్నారు. నేను ఏడ్చేశాను. చేసే పనిలో, ప్రేమించే మనిషిలో, తప్పించుకోలేని బాధని మోసే తీరులో అర్థం దొరుకుతుందని ఫ్రాంకల్ అన్నది అంతకుముందు చదివే ఉన్నాను, ఒంటికి పట్టింది మాత్రం ఆ రోజే.

లోపాలూ ఉన్నాయి. ఆరో సెషన్‌కి కౌన్సెలర్‌ని మార్చారు, కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది, ఇలాంటి విషయంలో అది చిన్న కష్టం కాదు. టైం అయిపోగానే వాక్యం మధ్యలోనే కాల్ కట్. నిద్ర, తిండి పోయేంత దిగులుంటే మాత్రం ముందు సైకియాట్రిస్టుని కలవండి, దీనితో సరిపెట్టుకోవద్దు.

రాత్రి ఆ పది నిమిషాలు ఇంకా ఖాళీగానే ఉంటున్నాయి. అది నింపుతామని వీళ్లు ఎప్పుడూ చెప్పలేదు. నా వరకు ఐదుకి నాలుగు స్టార్లు, తగ్గిన ఆ ఒక్కటీ కౌన్సెలర్‌ని మార్చినందుకే.