ఐరిష్, వెల్ష్ గ్రామర్: ఏది ఎక్కువ మారిపోతోంది?

ఐర్లాండ్‌లోని ఐరిష్, వేల్స్‌లోని వెల్ష్ రెండూ కెల్టిక్ అనే ఒకే కుటుంబం భాషలే, రెండిట్లోనూ పదం మొదటి అక్షరమే మారిపోతుంది, మన తల్లి + తండ్రి కలిసి తల్లిదండ్రులు అయినట్టు, కాకపోతే అక్కడ అర్థం కూడా దాని మీదే ఆధారపడుతుంది. వెల్ష్‌లో నాన్న అంటే తాద్, అతని నాన్న అయితే దాద్, ఆమె నాన్న అయితే థాద్, నా నాన్న అయితే వ న్హాద్. ఇప్పుడు మాటల్లో చాలామంది థాద్ వదిలేసి తాద్ అనేస్తున్నారు, నా నాన్నకి సింపుల్‌గా దాద్ వీ అంటారు. నాకైతే ఇది పెద్ద నష్టంలా అనిపించదు, చివర "ఆమె" అనే పదం తగిలిస్తే అర్థం ఎలాగూ తెలిసిపోతుంది కదా.

ఐరిష్‌లో కథ వేరు. ఐర్లాండ్ దక్షిణాన ఉన్న మన్‌స్టర్ వైపు "నేను ఉన్నాను"కి తాయిమ్ అని ఒకే ముక్కలో అంటారు, మిగతాచోట్ల ఎక్కువగా తా మే, రెండు ముక్కలు. ఇది పాత తేడానే, దీంతో ఇబ్బంది లేదు. అసలు దెబ్బ షష్ఠీ విభక్తికి తగిలింది: మనిషి అంటే ఫ్యార్, "ఆ మనిషి ఇల్లు" అంటే త్యాఖ్ అన్ ఇర్ అనాలి, సిటీల్లో స్కూల్లో నేర్చుకున్న పిల్లలు చాలాసార్లు ఫ్యార్‌ని అలాగే ఉంచేస్తారు.

ఎందుకంటే ఐర్లాండ్ 2022 సెన్సస్‌లో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్లు దాదాపు 18.7 లక్షలు, స్కూల్ బయట రోజూ మాట్లాడేవాళ్లు 72 వేలు కూడా లేరు! వేల్స్‌లో వెల్ష్ వచ్చినవాళ్లు 2021 సెన్సస్‌లో 5.38 లక్షలే, కానీ ఇంట్లో నేర్చుకున్నవాళ్ల వాటా అక్కడే ఎక్కువ. అందుకే వెల్ష్‌లో మార్పు ఇంట్లో అరిగినట్టు, ఐరిష్‌లో క్లాస్‌రూమ్‌లో సగమే అందినట్టు కనిపిస్తుంది నాకు.