ఎల్ జెమ్ ఆంఫీథియేటర్: కూలిన వైపు నుంచి చూడండి

ట్యునీషియాలో సూస్ నుంచి ఎల్ జెమ్‌కి అరవై చిల్లర కిలోమీటర్లు. రైలుంది కానీ మేం షేర్ టాక్సీలో వెళ్ళాం. అక్కడ దాన్ని లువాజ్ అంటారు. దానికి టైమంటూ ఉండదు, సీట్లు నిండితే బయల్దేరుతుంది. దారంతా ఆలివ్ తోటలే. ఊరు చిన్నది, ఇళ్ళు పొట్టివి. వాటి వెనక నుంచి 36 మీటర్ల రాతిగోడ పైకి లేచి కనపడేసరికి, పక్కన కునుకు తీస్తున్న అమ్మ "ఏంట్రా అది!" అంటూ నిటారుగా కూర్చుంది.

నేను పదిహేనేళ్ళుగా బిల్డింగ్ సైట్లలో పని చేస్తున్నాను. అందుకే ఇందులో రాయి గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

ఇది రోమన్ల కాలపు ఆంఫీథియేటర్, అంటే చుట్టూ మెట్ల వరసలు, మధ్యలో పోరాటాలు జరిగే రంగస్థలం. క్రీ.శ. 238 ప్రాంతంలో కట్టారు దీన్ని. అప్పుడు ఊరి పేరు థిస్‌డ్రస్. ఆలివ్ నూనె అమ్మి బాగా డబ్బు చేసుకున్న ఊరు. దారిలో చూసిన తోటల వరస అప్పటికి అర్థమైంది. దాదాపు 35,000 మంది కూర్చోవచ్చట. పొడవు 148 మీటర్లు, వెడల్పు 122. ఏ కొండ వాలునో ఆసరా చేసుకోలేదు, చదును నేల మీద రాతి దిమ్మెలు పేర్చి లేపారు. పైగా కింద పునాది లేదు! ఆ మాట చదివి నేను గోడ మొదట్లో చాలాసేపు నిలబడిపోయాను. మూడంతస్తుల కమానులు, ఒకదాని బరువు పక్కదాని మీదికి, దాని బరువు కింది స్తంభం మీదికి. పద్దెనిమిది వందల ఏళ్ళుగా అలా మోస్తూనే ఉన్నాయి.

లోపలికి వెళ్ళగానే అందరూ బాగున్న వైపు ఫోటోలు దిగుతారు. మీరు మాత్రం కూలిన వైపుకి వెళ్ళండి. 1695లో తిరుగుబాటుదారులు లోపల దాక్కుంటే ఫిరంగులతో ఆ గోడ పగలగొట్టించారు. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళు ఇళ్ళకి రాళ్ళు పట్టుకెళ్ళారు. పోయింది పోయినా, మాలాంటివాళ్ళకి అదొక సెక్షన్ డ్రాయింగ్. బయటి గోడ మందమెంత, లోపల నడవాలు ఎలా చుట్టి వస్తాయి, మెట్లకింద వాలు కప్పు ఏ గోడ మీద ఆనింది, అన్నీ కోసి చూపించినట్టు కనపడతాయి. మేం కాగితం మీద గీసుకునేది ఇక్కడ అసలు సైజులో ఉంది.

రంగస్థలం కిందికి కూడా వెళ్ళనిస్తారు. పొడవాటి సొరంగం, రెండు పక్కలా వరసగా గదులు. జంతువుల్నీ ఖైదీలనీ ఉంచింది ఇక్కడే. పైన నేల మధ్యలో వదిలిన సందులోంచి వెలుగు పట్టీలా కిందికి దిగుతుంది. బయట ఎండ మండిపోతున్నా ఇక్కడ రాయి చల్లగా తగులుతుంది. అమ్మ ఒక గది గుమ్మంలో ఆగి గోడ మీద చెయ్యి వేసింది. "ఇక్కణ్ణుంచి పైన జనం అరుపులు వినపడేవేమో కదరా" అంది. నేనేమీ అనలేకపోయాను. అప్పటిదాకా నేను లెక్కలు వేసుకుంటూ తిరుగుతున్నాను. ఆ మాట విన్నాక పైకొచ్చి ఖాళీ మెట్ల వరసలు చూస్తే గుండె బరువెక్కింది.

లోటుపాట్లు చెప్పాలి. బోర్డులు చాలా తక్కువ, ఏది ఏ గదో మనమే ఊహించుకోవాలి. గేటు దగ్గర ఒకాయన గైడ్‌నని వెంటపడి, పావుగంట గబగబా చెప్పేసి, ముందు ఒప్పుకున్న దానికి రెట్టింపు అడిగాడు. ముందే చదువుకుని వెళ్తే ఆ అవసరం ఉండదు. నీడ దాదాపు లేదు, నీళ్ళు తీసుకెళ్ళండి. పై అంతస్తు మెట్లు ఎత్తుగా, అరిగి నున్నగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ మొదటి అంతస్తుతో ఆగిపోయింది. అక్కణ్ణుంచి కూడా రంగస్థలం మొత్తం కనిపిస్తుంది, పెద్దవాళ్ళు నిరాశపడక్కర్లేదు.

అదే టికెట్‌తో ఊళ్ళోని మ్యూజియం కూడా చూడొచ్చు. నడిచి వెళ్ళిపోవచ్చు. చాలామంది దాన్ని వదిలేసి బస్సెక్కేస్తారు, అది పెద్ద నష్టం. ఆ ఊరి ధనవంతుల ఇళ్ళలో నేల మీద పరిచిన మొజాయిక్‌లు, అంటే చిన్న చిన్న రంగురాళ్ళు పేర్చి చేసిన బొమ్మలు, అక్కడున్నాయి. ఏనుగు తల చర్మాన్ని కిరీటంలా పెట్టుకున్న ఆఫ్రికా దేవత ముఖం దగ్గర అమ్మ కదల్లేదు. వంగి చూస్తే చెంప మీద నీడ కోసమే వేరే రంగు రాళ్ళు వాడారు, ఒక్కోటి చిటికెన వేలి గోరంత కూడా లేదు.

నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. తగ్గించిన ఆ అర బోర్డుల కోసం. మళ్ళీ వెళ్తే పొద్దున్నే మ్యూజియం చూసుకుని, సాయంత్రం ఎండ వాలాక ఇక్కడికి వస్తాను. చివరి గంటలో మాత్రమే ఆ రాయి తేనె రంగులోకి తిరిగింది. అమ్మ అప్పుడు గానీ ఫోటోకి నిలబడలేదు.