గురుకులమా, ప్రైవేట్ బడిలో 25 శాతం సీటా?

దళిత, గిరిజన కుటుంబాల్లో ఏటా ఇదే టెన్షన్: పిల్లను ప్రభుత్వ వసతి బడి అయిన గురుకులంలో చేర్చాలా, లేక 2009 విద్యాహక్కు చట్టం కింద ప్రైవేట్ బడులు పేద, దళిత, గిరిజన పిల్లలకు కేటాయించాల్సిన 25 శాతం సీట్లలో ఒకటి తీసుకోవాలా?

ఖర్చు: గురుకులంలో చదువు, తిండి, బస ఉచితం. 25 శాతం సీటుకు ఫీజు ఉండదు, అదీ ఎనిమిదో తరగతి వరకే. బస్సు ఖర్చు సంగతి ముందే అడగండి.

ప్రవేశం: గురుకులానికి సాధారణంగా ఐదో తరగతిలో, పరీక్ష రాసి. 25 శాతం సీటుకు మొదటి తరగతిలోనే, పరీక్ష లేకుండా.

గౌరవం: నా దృష్టిలో అసలు విషయం ఇదే. గురుకులంలో తనలాంటి పిల్లలే ఎక్కువ, కులం చెప్పడానికి జంకు తక్కువ. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ గురుకులం విద్యార్థినే. ప్రైవేట్ బడిలో పిల్లను ‘కోటా సీటు’ అని పిలుస్తారా, అందరితో కలిపి కూర్చోబెడతారా అన్నది చాలావరకు ప్రిన్సిపాల్ మీద ఆధారపడుతుంది. వేరు చేయకూడదని నిబంధనలే చెబుతున్నాయి. చేరే ముందు ఒకసారి భోజన విరామంలో బడికి వెళ్లి చూడండి, పిల్లలు ఎవరి పక్కన ఎవరు కూర్చుని తింటున్నారో.

బెంగ: హాస్టల్‌లో మొదటి నెలలు కష్టం. కొందరు పిల్లలు తట్టుకోలేరు.

పిల్లకు ఆరేళ్లే, బడి దగ్గర్లోనే, ప్రిన్సిపాల్ మంచివారైతే ప్రైవేట్ సీటు. పదేళ్లు నిండి, ఇంట్లో చదువుకు చోటు లేకపోతే, తల్లిదండ్రులు వలస వెళ్తుంటే గురుకులం.