బట్టీకి గ్యాస్ మంటా, కరెంటా?

న్యూజిలాండ్‌లో సొంత వాడకానికి ఇంట్లో మద్యం కాచుకోవడం 1996 నుంచి చట్టబద్ధమే. అమ్మితే మాత్రం నేరం. (మన ఊళ్లో ఈ సరదా తీర్చుకుంటే ఎక్సైజ్ వాళ్లు గుమ్మంలో ఉంటారు.) అక్కడ బట్టీ కొనబోయే వాళ్లకి ఎప్పుడూ వచ్చే సందేహం, వేడి దేంతో పెట్టాలని.

ఖర్చు: గ్యాస్ బర్నర్ చవక. కరెంటు బాయిలర్‌కి జేబు బాగానే ఖాళీ అవుతుంది.

శ్రమ: గ్యాస్ మంట గాలికి ఊగుతుంది. కరెంటు వేడి నిలకడ. దేన్నయినా వదిలేసి పోకూడదు.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, కారితే నేలబారుగా పాకుతూ పోతుంది. ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే కండెన్సర్‌కి నీళ్లు ఆగినా అంతే, ఆవిరి గదిలోకే. కింద గ్యాస్ మంట దానికోసమే కాచుకున్నట్టు ఉంటుంది. పైగా ఆల్కహాల్ మంట లేత నీలం, పట్టపగలు కంటికి ఆనదు. కరెంటులో ఎలిమెంట్ ద్రవంలో మునిగే ఉండాలి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీడీ తప్పనిసరి.

అందరూ భయపడే మిథనాల్ (విషపు ఆల్కహాల్) పంచదార వాష్‌లో, అంటే పులియబెట్టిన పంచదార నీళ్లలో, నామమాత్రమే. నిప్పు సంగతే ముందు చూసుకోవాలి.

గ్యారేజీ అయితే కరెంటే. గ్యాస్ పూర్తిగా ఆరుబయట, సారా పట్టే గాజు సీసా మంటకి దూరంగా ఉంచగలిగితేనే. గాలాడని అపార్ట్‌మెంట్లో రెండూ వద్దు.